గాలి గన్నా, బ్యాటరీ గన్నా: చిత్తూరులో ఉన్న మా హరికి

హరీ,

పోయిన నెల ఒక మాట అడిగావు, చక్రాల నట్లు విప్పి బిగించే గాలి గన్ బదులు, కంప్రెసర్ అమ్మేసి దానికి ఇంకొంత కలిపి బ్యాటరీ గన్ తీసుకుంటే ఎట్లుంటుంది నాన్నా అని. ఫోన్లో చెప్తే సగం వింటావు, మిగతా సగం చెప్పేలోపల షెడ్డులో ఎవరో పిలుస్తారు, అందుకని కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువుకో. అయినా ఈ మధ్య నువ్వు ఫోన్ ఎత్తడమే లేదు. ఇదివరకు మెసేజ్ అయినా టైప్ చేసి పెట్టేవాడివి, ఇప్పుడు "బిజీ నాన్నా, బాగున్నా" అని వాయిస్ పెడుతున్నావు. టైప్ చేయడానికి ఏమైంది?

మొన్న గోపి టమోటా లోడుతో పోతూ మన దగ్గర ఆగాడు. టీ తాగుతూ "హరి చేతికి కట్టు ఉందన్నా, ఏమైంది" అని నన్నే అడిగాడు. కుడి చెయ్యా ఎడమ చెయ్యా అంటే సరిగ్గా చూడలేదంటాడు. పుత్తూరు కట్టా, మామూలు గుడ్డ కట్టా అంటే అదీ తెలియదంటాడు. వాడు కంటికి కనిపించిందానికి రెండింతలు చెప్పే మనిషి, నాకు తెలుసు. సరే, అది తర్వాత మాట్లాడదాం. ముందు గన్ సంగతి.

బండి నీ దగ్గరికి వస్తుందా, నువ్వు బండి దగ్గరికి పోతావా, మొదట అది చూసుకో. షెడ్డులో పొద్దున్నుంచి రాత్రి దాకా చక్రాలు విప్పి బిగించే పనికి గాలి గన్‌కి మించింది లేదు. లోపల కరెంటు మోటారు లేదు, కాయిల్ లేదు, గాలికి వేన్లు అనే చిన్న రెక్కలు తిరుగుతాయి, సుత్తి కొడుతుంది, అంతే. ఎంతసేపు వాడినా వేడెక్కి ఆగిపోదు. చేతికి తేలిగ్గా ఉంటుంది, ధర తక్కువ, వేన్లు అరిగితే నువ్వే విప్పి మార్చుకోవచ్చు. పైగా కంప్రెసర్ ఎటూ కావాలి కదరా, టైరుకి గాలి పట్టాలన్నా, ఫిల్టర్ ఊదాలన్నా అదే దిక్కు. దాన్ని అమ్మితే నీ షెడ్డులో సగం పని ఆగిపోతుంది. అది సుబ్బక్క చీటీ డబ్బుతో కొన్నదని కూడా గుర్తుపెట్టుకో, ఆమె దగ్గర ఈ అమ్మకం మాట ఎత్తకు.

గన్‌లో బలం చాలడం లేదు అన్నావు. గన్‌ని తిట్టే ముందు గాలిని చూడు. అర అంగుళం గన్‌కి 90 పౌండ్ల గాలి కావాలి. అది గన్ దగ్గర ఉండాలి, అదీ ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నప్పుడు ఉండాలి. ట్యాంకు మీద గేజి 120 చూపిస్తూనే ఉంటుంది, కానీ సన్న పైపు పొడుగ్గా లాగి, అరిగిపోయిన కప్లింగులు రెండు మూడు తగిలించి, గన్ దాకా వచ్చేసరికి అందులో సగం కూడా మిగలదు. షెడ్డు పూజ రోజే చూశా నీ నీలం పైపుని, 8 ఎంఎంది లాగా ఉంది. లోపలి బోరు 10 ఎంఎం ఉన్న పైపు వెయ్యి, కావాల్సినంత పొడుగే పెట్టు, గన్ మొదట్లో ఒక చిన్న గేజి బిగించి ట్రిగ్గర్ నొక్కి చూడు, రోగం ఎక్కడుందో నీకే తెలుస్తుంది. ఇంకోటి, రోజూ రాత్రి ట్యాంకు కింద కాక్ తిప్పి నీళ్లు వదులుతున్నావా? కార్తీకం వానలప్పుడు ట్యాంకులో నీళ్లు బాగా చేరతాయి, ఆ నీళ్లు గన్‌లోకి పోతే లోపలంతా తుప్పు. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఎయిర్ టూల్ ఆయిల్ నాలుగు చుక్కలు గాలి ఎక్కే చోట వెయ్యి. ఇంజిన్ ఆయిల్ వెయ్యకు, చిక్కదనానికి వేన్లు అతుక్కుంటాయి. ఇవి చేశాక కూడా బలం లేదంటే అప్పుడు అడుగు.

నీది 2 హెచ్‌పీ కంప్రెసర్, కార్ల గన్‌కి చాలు. లారీలు కూడా పట్టాలని చూస్తున్నావంట, దానికి ఒక అంగుళం గన్ కావాలి, అది గాలిని తాగేస్తుంది, 5 హెచ్‌పీ మిషను, త్రీ ఫేజ్ కనెక్షను, లావు పైపు, ఇంత ఖర్చు ఉంటుంది. ఇప్పుడే వద్దు. ఒంటి చేత్తో లారీ టైరు దొర్లించే పని అసలే వద్దు.

బ్యాటరీ గన్ వద్దని నేను అనడం లేదు. పూతలపట్టు దాటాక హైవే మీద రాత్రి పదకొండుకి కారు ఆగిందని ఫోన్ వస్తే కంప్రెసర్ మోసుకుపోలేవు. అక్కడ బ్యాటరీ గన్ బంగారం. పైపు కాళ్లకి అడ్డం పడదు, కరెంటు పోయినా పని ఆగదు, బండి కింద దూరినప్పుడు కూడా సుఖం. రోడ్డు మీద కాల్స్ వారంలో మూడు నాలుగు వస్తున్నాయంటే తీసుకో. కాకపోతే కంప్రెసర్ అమ్మి కాదు, దానికి తోడుగా.

కొనేటప్పుడు డబ్బా మీద అంకెలు చూసి మోసపోకు. ఆన్‌లైన్లో 88 వీఎఫ్, 128 వీఎఫ్ అని పెద్ద పెద్ద అక్షరాలతో అమ్ముతున్నారు, అవి వోల్టులు అనుకునేవు. బ్యాటరీ విప్పి చూస్తే చాలావాటిలో అవే అయిదు సెల్లులు ఉంటాయి. ఒక్కో సెల్లు 3.6 వోల్టులు, అయిదు కలిస్తే 18. అదే బ్యాటరీకి నిండా ఛార్జ్ ఎక్కినప్పటి లెక్క చూపించి కొన్ని మంచి కంపెనీలు 20 అని రాస్తాయి, 18కీ 20కీ తేడా ఏమీ లేదు. బలానికి కూడా రెండు అంకెలు ఉంటాయి, ఒకటి బిగించడానికి, ఇంకోటి పట్టేసిన నట్టు విప్పడానికి. మకిటా డీటీడబ్ల్యూ1002 ఉంది చూడు, బిగించడానికి 1000 న్యూటన్ మీటర్లు, విప్పడానికి 1600. అమ్మేవాడు ఎప్పుడూ పెద్ద అంకె చెప్తాడు. కార్ల పనికి అందులో సగం బలం ఉన్నది చాలు, ఆ బరువు రోజంతా మోస్తే మణికట్టు పోతుంది. నీ మణికట్టు ఎట్లా ఉంది? గోపి చెప్పిన కట్టు మణికట్టుకా, వేళ్లకా?

బ్రష్‌లెస్ మోటారుదే తీసుకో, అంటే లోపల అరిగిపోయే బ్రష్‌లు లేనిది. ఒకసారి ఒక కంపెనీ బ్యాటరీ కొన్నావంటే ఆ తర్వాత గ్రైండరు, డ్రిల్లు అన్నీ ఆ కంపెనీవే కొనాల్సి వస్తుంది, అందుకని సర్వీస్ సెంటర్ చిత్తూరులోనో తిరుపతిలోనో ఉందా అని ముందే కనుక్కో. ఇక ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో నీ రేకుల షెడ్డులో మనిషే నిలబడలేడు. ఈ లిథియం బ్యాటరీలు 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ ఎక్కించకూడదు, మంచి ఛార్జరైతే అదే లైటు మిణుకుమనిపిస్తూ ఆగిపోతుంది, చీప్‌దైతే ఎక్కిస్తూనే ఉంటుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. పనిలో వేడెక్కినదాన్ని వెంటనే ఛార్జింగ్‌లో పెట్టకు, చల్లారనివ్వు. కారు డ్యాష్‌బోర్డు మీద వదలకు. రాత్రి గదిలోకి తెచ్చుకుని పెట్టుకో.

ఇప్పుడు మునిరత్నం మామ సంగతి. నీకు ఆయన వేలు సంగతి తెలుసు, అది ఎట్లా పోయిందో ఎవరూ నీకు పూర్తిగా చెప్పి ఉండరు, నువ్వప్పుడు చిన్నపిల్లోడివి. మామిడికాయల సీజను. దామలచెరువు మండీ నుంచి లారీలు రాత్రీ పగలూ తిరుగుతున్నాయి, తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకి పోతున్నాయి, ఎవరికీ ఆగే తీరిక లేదు. మామ అప్పట్లో పాకాల రోడ్డులో ఉండేవాడు. తెల్లారుజామున ఒక పాత లారీ వచ్చింది, నిండా లోడు, ఎడమ పక్క వెనక చక్రం దిగిపోయింది. డ్రైవరు ఎండెక్కితే కాయలు చెడిపోతాయని ఒకటే తొందర. మామకి కొత్తగా గాలి గన్ వచ్చింది, నట్టుని పట్టుకునే గిన్నె ఉంటుందే, సాకెట్, గన్‌కి సరిపోయే నల్లది ఇంకా కొనలేదు, చేతిపానాకి వాడే మెరిసే సాకెట్‌నే తగిలించాడు. నట్టు మీద పెట్టి కొడుతున్నాడు, కదలడం లేదు. గాలి పెంచాడు. ఇంకా కొడుతున్నాడు. అప్పటి కొన్ని లారీలకి ఎడమ పక్క చక్రాలకి మరలు తిరగేసి ఉండేవి, స్టడ్డు కొసన ఎల్ అని అక్షరం కూడా కొట్టి ఉంటుంది, గ్రీజూ మట్టీ పట్టి అది కనిపించలేదు. విప్పుతున్నానని మామ అనుకుంటున్నాడు, గన్ ఇంకా బిగిస్తోంది. క్లీనరు కుర్రాడు లైటు పట్టుకుని పక్కనే ఉన్నాడు, వాడికి తెలుసు తిరగేసిన మరలని, పెద్దాయనకి చెప్పాలంటే మొహమాటపడ్డాడంట. ఠప్ మని శబ్దం. సాకెట్ మూడు ముక్కలైంది. ఒకటి రిమ్ముకి తగిలింది, ఒకటి ఎటు పోయిందో తెలియదు, ఇంకో చిన్న ముక్క మామ చూపుడువేలు మొదట్లో దూరింది.

అసలు మాట ఇక్కడుంది. పైకి బియ్యపు గింజంత గాయం. మామ పసుపు అద్ది గుడ్డ చుట్టి, అదే చేత్తో మిగతా నట్లు పానా పెట్టి విప్పి, లారీని పంపించి, ఇంటికి పోయి అత్తకి తలుపు సందులో పడిందని చెప్పాడు. రోజూ గుడ్డ మార్చుకుంటూ తిరిగాడు. ఎవరు అడిగినా బాగుంది, బాగుంది అనేవాడు. చెయ్యి మోచేతి దాకా వాచాక, జ్వరంలో మాట తడబడుతుంటే అత్త ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది, నేను జీపులో వేసుకుని రాయవేలూరు ఆసుపత్రికి తీసుకుపోయా. ఇనుపముక్క లోపలే ఉంది, చుట్టూ చీము. ముక్క తీశారు, చెయ్యి దక్కింది, వేలు మాత్రం ఇప్పటికీ వంగదు. మొదటి రోజే ఎక్స్‌రే తీయించుకుని ఉంటే అరపూట పని అది. ఇనుము పైకి కనిపించకుండా లోపల కూర్చుంటుంది హరీ, పైన చర్మం అతుక్కుంటే మానిపోయిందని మనిషి అనుకుంటాడు.

అందుకని గన్ గాలిదైనా బ్యాటరీదైనా సాకెట్ మాత్రం నల్లది, ఇంపాక్ట్‌ది, గోడ మందంగా ఉండేది. మెరిసేది గట్టిగానే ఉంటుంది, కానీ ఆ దెబ్బలకి సాగదు, పగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకో. చెవుల్లో దూది చాలదు, ఇయర్ ప్లగ్స్ కొనుక్కో, గాలి గన్ మోతకి చెవులు మెల్లగా పోతాయి. గ్లోవ్స్ చేతికి అతుక్కుని ఉండేవే వాడు, వదులుగా ఉంటే సాకెట్ చుట్టేసుకుంటుంది. చలికాలం పొద్దున వేళ్ల కొసలు తెల్లబడి తిమ్మిరెక్కుతున్నాయంటే అది గన్ అదురు వల్ల వచ్చేది, చలి అని వదిలేయకు.

బిగించడం గురించి ఇదివరకే చెప్పా, మళ్లీ చెప్తా. గన్‌తో నట్టుని ఆనేదాకే తిప్పు, ఆఖరి బిగింపు టార్క్ రెంచితోనే, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా అది. మామూలు కార్లకి చాలావాటికి 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల లోపలే, ఏ బండికి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. నక్షత్రం వరసలో, ఎదురెదురుగా. నీ దగ్గర చక్రం మార్చుకుని కొండకి పోయే బండ్లు ఉంటాయి, దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో బ్రేకుల మీదే భారమంతా, ఒక నట్టు ఎక్కువ ఒక నట్టు తక్కువ బిగిస్తే డిస్కు వంకరపోయి బ్రేకు తొక్కినప్పుడల్లా అదురుతుంది. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చెక్ చేయించుకోమని కస్టమర్‌కి చెప్పు, డబ్బు తీసుకోకు దానికి.

ఇంకా చాలా రాయాలని ఉంది, మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది. కట్టు సంగతి ఆమెకి నేను చెప్పలేదు, చెప్తే ఈ రాత్రికే బస్సెక్కుతుంది. ఆమె వేరే సందర్భంలో అడిగింది, వాడు కాణిపాకం పోయి ఎన్నాళ్లయిందో అని. నీకు పన్నెండు కిలోమీటర్లే, ఒక ఆదివారం పోయి రా. రాత్రి పూట రోజూ పరోటాలేనా? రాగిపిండి, ఊరగాయ పంపిస్తున్నాం, సంగటి చేసుకోవడం నీకు వచ్చు. ఈఎంఐ మీద గన్ కొనేటట్టయితే సంతకం పెట్టే ముందు వడ్డీ ఎంతో నాకు చెప్పు, సగం నేను ఇస్తా, బుజ్జి పెళ్లికి దాచింది ముట్టుకోకుండానే సర్దుతా, నువ్వు దాని గురించి ఆలోచించొద్దు.

రేపు పొద్దున ఆర్టీసీ పార్సిల్‌లో నల్ల సాకెట్ల సెట్ వేస్తున్నా, 17, 19, 21 అన్నీ ఉన్నాయి, లోతుగా ఉండేవి. చిత్తూరు బస్టాండులో తీసుకో, రశీదు ఫోటో పెడతా. ఈ ఉత్తరం చదవగానే ఏ చెయ్యి, ఎన్నాళ్లయింది, టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావా లేదా, వేళ్లు పూర్తిగా వంగుతున్నాయా, ఈ నాలుగింటికి జవాబు చెప్పు. ఇనుము దూరి ఉంటే ఎక్స్‌రే తీయించు. ఎముక సంగతైతే ఇక్కడికి వచ్చేయ్, తిరుపతి బర్డ్ ఎముకల ఆసుపత్రిలో నేనే దగ్గరుండి చూపిస్తా, షెడ్డు రెండు రోజులు మూసినా ఏం కాదు. ఎల్లుండి సాయంత్రం లోపల ఫోన్ రాకపోతే నేనే బండేసుకుని వస్తా.

నాన్న