షుగర్ శిబిరానికి మనుషుల్ని పంపిన అందరికీ కృతజ్ఞతలు

రెండు ఆదివారాలు మన ఊరి బడిలో జరిగిన షుగర్ పరీక్షల శిబిరానికి సాయపడిన ప్రతి ఒక్కరికీ మా బృందం తరఫున నమస్కారాలు. పరీక్ష చేయడం మా పని. ఎవరికి చేయాలో చూపించింది మీరు. పెద్దవాళ్లలో షుగర్ చాలాసార్లు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. గుర్తులు కనబడినా ఎండ అనో, వయసు అనో సరిపెట్టుకుంటారు.

ముందుగా సెలూన్లు నడిపే తమ్ముళ్లకు. మెడ వెనక మడతల్లో చర్మం నల్లబడి, మందమై, ముఖమల్ గుడ్డలా చేతికి తగిలితే అది మురికి కాదు. పీచుతో ఎంత రుద్దినా పోదు, రుద్దితే చర్మం ఇంకా చెడుతుంది. ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా లొంగకపోతే రక్తంలో అది ఎక్కువగా ఊరుతుంది. ఆ ఎక్కువే మెడ, చంకల దగ్గర చర్మాన్ని అలా మందంగా పెంచుతుంది. షుగర్ రాకముందే ఈ నలుపు కనబడవచ్చు. నలుపు ఉన్న ప్రతివారికీ షుగర్ ఉన్నట్టు కాదు, కానీ పరీక్ష మాత్రం చేయించాలి. పక్క కుర్చీలో వాళ్లకు వినబడకుండా "అన్నా, ఓసారి షుగర్ చూపించుకో" అని చెప్పి పంపారు. ఆ మర్యాద వల్లే చాలామంది వచ్చారు.

కళ్లద్దాల షాపు వారికి. నెలల్లోనే అద్దాల పవర్ మారిపోతుంటే షుగర్ చూడాలి. చక్కెర హెచ్చుతగ్గులకు కంటి లెన్సులో నీరు చేరి చూపు మసకబారుతుంది. అదుపులోకి వచ్చి కొన్ని వారాలు గడిచాకే కొత్త అద్దాలు తీసుకోమని మీరు చెప్పడం డబ్బు దగ్గర కూడా మేలు చేసింది.

మర్మాంగాల దగ్గర దురద, తెల్లటి పూత మళ్లీ మళ్లీ వస్తే పైపూత మందుతో సరిపెట్టకుండా పంపిన ఆర్‌ఎంపీలకు, నడుం కొలిచిన ఆశా అక్కలకు కూడా. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుంది, వెంట నీళ్లనూ లాక్కుపోతుంది. రాత్రి పదే పదే లేవడం, ఆరని దాహం అందుకే. మూత్రానికి చీమలు పట్టేదాకా చూద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యం.

బడి టీచర్లకు ప్రత్యేకంగా. పిల్లల విషయంలో రోజులే లెక్క. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడపడం, మాటిమాటికీ బాత్రూమ్‌కి అడగడం, తింటున్నా చిక్కిపోవడం చూస్తే ఆ రోజే షుగర్ చూపించాలి. దానికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసంలా లోతైన ఊపిరి, నోటినుంచి పండ్ల వాసన తోడైతే నేరుగా పెద్దాసుపత్రికే. శిబిరం కోసం ఆగకూడదు.

ల్యాబ్ టెక్నీషియన్ తమ్ముడి ఓపికకు దండం. పరగడుపు అంటే కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు, చక్కెర లేని టీ కూడా వద్దు. మామిడిపండు తిన్న చేత్తో వేలు గుచ్చితే అంకె ఎగబాకుతుంది. సబ్బుతో కడిగి, బాగా ఆరాక, వేలి కొనలో కాకుండా పక్కన గుచ్చాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే తేమకు పాడవుతాయి. మామూలు గొట్టంలో రక్తం నిలవుంటే కణాలే చక్కెరను తినేసి అంకె తగ్గుతుంది. అలా తినేయకుండా ఆపే రసాయనం ఉన్న బూడిదరంగు మూత గొట్టం వాడేది అందుకే. గ్లూకోమీటర్ అంకె చూసి షుగర్ ఉందని తేల్చం, నరం నుంచి తీసిన రక్తంతోనే తేలుస్తాం.

పరగడుపున 100 లోపు మామూలు. 100 నుంచి 125 హద్దు మీద ఉన్నట్టు, ఏడాదికోసారి చూపించుకోవాలి. 126, ఆపైన వచ్చి, లక్షణాలేవీ లేకపోతే, ఇంకో రోజు మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించాలి. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం, ఆపైన ఉంటే షుగరే, లక్షణాలు లేకపోతే దీన్నీ మళ్లీ నిర్ధారించుకోవాలి. అయితే ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో ఇది ఎక్కువ చూపించవచ్చు, పరగడుపు పరీక్షతో సరిచూసుకోవాలి.

రక్తం ఇచ్చి రిపోర్టు తీసుకోని వారి కాగితాలు ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం అక్క దగ్గర ఉన్నాయి. 126, ఆపైన వచ్చిన వాటిని ఆమె విడిగా తీసి పెట్టారు. మీ ఇంట్లో వాళ్లది ఉందేమో అడిగి, తోడు తీసుకెళ్లండి.