నాన్నగారి ఫోను నంబర్లన్నీ చేరాయి, మీకు కృతజ్ఞతలు

నాన్నగారి పాత ఆండ్రాయిడ్ ఫోనులోని పేర్లూ నంబర్లూ ఒక్కటి కూడా తప్పిపోకుండా కొత్త ఐఫోనులోకి చేరాయి. ముక్కూ మొహం తెలియని మాకోసం ఇంత ఓపికగా కూర్చుని ఈ పని చేయించిన మీకు, నాన్నగారి తరఫునా నా తరఫునా హృదయపూర్వక కృతజ్ఞతలు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీరు చేసిన సాయం ఎలాంటిదో మాత్రం నలుగురికీ చెప్పాలని ఉంది.

నాన్నగారు తెలుగు తప్ప మరో లిపి చదవలేరు. అందుకే ఆయన ఫోనులో ప్రతి పేరూ తెలుగులోనే ఉంటుంది. కొందరి పేర్ల కింద నోట్సులో వాళ్లు ఎవరి తాలూకో కూడా రాసుకున్నారు. తమ్ముడు కొనిచ్చిన కొత్త ఫోనులోకి వాటిలో సగమే వచ్చాయి. వాట్సాప్ పేర్లను ఫోనులోని కాంటాక్టుల నుంచే తీసుకుంటుంది కదా, దాంతో ఇంట్లోవాళ్ల గ్రూపు మొత్తం ఉత్త అంకెలుగా కనిపించింది. "వీళ్లంతా ఎవరమ్మా?" అని ఆయన అడుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది.

మీరు మొదట అడిగిన ప్రశ్నే దారి చూపించింది. నంబర్లు ఎన్ని ఉన్నాయని కాదు, ఏవి ఎక్కడ ఉన్నాయని అడిగారు. పాత ఫోను అన్నింటినీ ఒకే వరుసలో చూపిస్తుంది గానీ, నిజానికి అవి మూడు చోట్ల ఉన్నాయి: కొన్ని గూగుల్ ఖాతాలో, కొన్ని ఫోను మెమరీలో, కొన్ని సిమ్ కార్డులో. ఐఫోనులో గూగుల్ ఖాతా జతచేసి కాంటాక్ట్స్ మీట ఆన్ చేస్తే ఖాతాలో ఉన్నవి మాత్రమే వస్తాయి. మాకు సగం ఆగిపోయిన కారణం అదే. కొత్త ఫోనును చెరిపేసి, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు అన్నీ మార్చే 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక తప్పదేమోనని మేం అనుకుంటుంటే, అంత అవసరం లేదన్నారు. మెమరీలో ఉన్నవాటిని వీసీఎఫ్ ఫైలుగా (కాంటాక్టులన్నీ ఒకేచోట రాసి ఉండే ఫైలు) తీసి, అదే పాత ఫోనులో గూగుల్ ఖాతాలోకి ఎక్కించమన్నారు. కాసేపటికి అవి వాటంతట అవే ఐఫోనులో ప్రత్యక్షమయ్యాయి.

ఈలోపు నన్ను వణికించింది ఆ ఫైలే. జాగ్రత్తకోసం ఒక ప్రతి కంప్యూటర్లో దాచమన్నారు కదా, తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. వరుసల నిండా సమానం గుర్తులు, వాటి పక్కన ఈ0, బీ0, 85 లాంటివి. పేర్లన్నీ పాడైపోయాయనే అనుకున్నాను. మీరు అందులో ఒక్క పేరు తీసుకుని విడమరిచి చెప్పారు. నాన్నగారు నా నంబరును 'అమ్మాయి' అని దాచుకున్నారు. చదివేవారికి అవి మూడక్షరాలే. కంప్యూటర్ల కోసం అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో మాత్రం పొల్లు, దీర్ఘం, గుడి విడివిడిగా లెక్కకొచ్చి మొత్తం ఏడవుతాయి. వాటిని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే 21. ఒక్కో బైటునూ సమానం గుర్తు పెట్టి రెండు అంకెల్లోనో అక్షరాల్లోనో రాస్తే 63 గుర్తులు. వరుస పొడవైపోతే దాన్ని విరిచి చివర ఇంకో సమానం గుర్తు పెడతారట. కాంటాక్టులను ఫైలుగా రాసే 1996 నాటి వీకార్డ్ 2.1 పద్ధతిలో రాసిన ఫైళ్లు ఇలాగే ఉంటాయని, పేరు చెక్కుచెదరలేదని, ఫైలును చేత్తో దిద్దే ప్రయత్నం మాత్రం చేయవద్దని చెప్పారు. 'అ'కు ఈ0 బీ0 85 అని మీరు చూపించాక ఆ వరుసలో నా పేరు నేనే చదువుకోగలిగాను. అప్పటికి గానీ ఊపిరి తీసుకోలేదు.

సిమ్‌లోవి కొద్దిగానే ఉన్నాయి. అక్కడ పేరుకు ఉండే చోటే తక్కువ, తెలుగు అక్షరాలకు ఇంగ్లీషు వాటికంటే రెట్టింపు చోటు కావాలి కాబట్టి పేర్లు మధ్యలోనే తెగిపోయి ఉన్నాయి. వాటిని నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చేత్తో పూర్తిచేశాం.

ఇంకో విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కాంటాక్టులు మార్చిపెడతామనే ఏదో యాప్ గురించి అడిగినప్పుడు, అందులో ఉన్నవి మీ నంబర్లు కావు, మిమ్మల్ని నమ్మి ఇతరులు ఇచ్చిన నంబర్లు, తెలియని వారి చేతిలో పెట్టకండి అన్నారు. ఆ ఫైలు మీకే పంపిస్తానన్నా వద్దన్నారు. పాస్‌వర్డ్ అడగలేదు సరికదా, తెర ఫొటో పంపేటప్పుడు నంబర్లు కప్పేయమన్నారు. సాయం చేసేవారిలో ఈ మర్యాద నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది.

రెండేసిసార్లు వచ్చిన పేర్లను ఐఫోనే గుర్తుపట్టి చూపిస్తే కలిపేశాం. పుట్టినరోజులు కూడా వెంట వచ్చి క్యాలెండర్లో చేరాయి, అది మేం అనుకోని ఆనందం. కొత్తగా రాసే నంబర్లు మళ్లీ చెల్లాచెదురు కాకుండా డిఫాల్ట్ ఖాతాగా గూగుల్‌నే పెట్టాం. పాత ఫోనును నెలాఖరు దాకా చెరపవద్దన్న మీ మాట ప్రకారం దాన్ని అలాగే ఉంచాం.

ఐఫోను సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 18 నుంచి సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ 'యాప్స్' కిందికి మారిందని మీ పక్కనుంచి అందించిన మీ అమ్మాయికి కూడా నా కృతజ్ఞతలు చెప్పండి. ఆ మాట అందకపోతే ఇంకా అక్కడే వెతుకుతూ ఉండేవాళ్లం.