వినడమూ, వినబడడమూ

గవర్నరుపేట,
విజయవాడ.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం సోమవారం అందింది. హియర్ అన్నా లిజన్ అన్నా వినడమే కదా, ఒక్క పనికి ఇంగ్లీషువారికి రెండు క్రియలు ఎందుకని మీ అమ్మాయి అడిగిందని రాశావు. రెండింటికీ ‘విను’ అనే ఒక్క అర్థమే చెప్పి ఊరుకుంటే ఆ పిల్లకు సందేహం రావడం న్యాయమే.

చిక్కంతా ఆ అర్థంలోనే ఉన్నది. హియర్‌కు మన దగ్గర సరిగా సరిపోయే మాట ‘విను’ కాదు, ‘వినబడు’. నా చిన్నతనంలో నాన్నగారు వసారాలో రేడియో దగ్గరకు కుర్చీ జరుపుకొని, 1948లో మొదలైన మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి వచ్చే వార్తలను, ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వకుండా వినేవారు. అవే వార్తలు వంటింట్లో పప్పు ఎనుపుతున్న అమ్మకూ వినబడేవి. నాన్నగారిది లిజన్, అమ్మది హియర్. ‘నేను విన్నాను’ అంటాము, ‘నాకు వినబడింది’ అంటాము. ‘నేను’ కాస్తా ‘నాకు’ అయిందంటే అది మనం పూనుకొని చేసిన పని కాదన్నమాట. మనం ఒక్క ధాతువుకు ‘బడు’ చేర్చి చూపే తేడాను వాళ్ళు వేరే క్రియతో చూపుతారు. ఇంత చక్కని పోలిక మన నోట్లోనే ఉండగా పిల్లలకు దీనిని చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఫోనులో మనవారు ‘ఐ యామ్ హియరింగ్ యూ’ అనడం ‘వినబడుతోంది’ని ఉన్నదున్నట్టు దించడం వల్లనే. అక్కడ ‘ఐ కెన్ హియర్ యూ’ అనాలి. అలాగని హియర్‌కు ‘ఇంగ్’ ఎన్నడూ చేరదని మాత్రం నేర్పకు. నేలపాడులో మన హైకోర్టు ఒక కేసును విచారిస్తున్నదని చెప్పేటప్పుడు హియరింగ్ అనడం తప్పు కాదు; వాదనలు న్యాయమూర్తి చెవిన ఊరికే పడవు, ఆయన కూర్చొని వింటారు. భూతకాల రూపాన్ని ‘హియర్డ్’ అని కాక ‘హర్డ్’ అని పలకాలని కూడా చెప్పు.

‘అమ్మ మాట విను’ అన్నచోట హియర్ పనికిరాదు, ‘లిజన్ టు’ అనాలి. అయితే పాత ఇంగ్లీషులో హియర్ పూర్వరూపానికి మాటకు లోబడడమనే అర్థం కూడా ఉండేది. ‘ఒబే’ అనే క్రియ సైతం లాటినులో వినడాన్ని చెప్పే మాట నుంచే పుట్టింది. ‘వీడు చెప్పిన మాట వినడు’ అని కొడుకు మీద విసుక్కునే మన తల్లుల నోట ఆ చుట్టరికం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఇక ‘హియర్ ఫ్రమ్’ అంటే కబురు అందడం. అక్కడ చెవితో పనే లేదు. నీ ఉత్తరాన్ని కళ్ళతో చదివినా ‘ఐ హర్డ్ ఫ్రమ్ యూ’ అనే అంటారు. రేడియో ఉదాహరణ అమ్మాయికి ఎక్కిందో లేదో, ఇంకేమి అడిగిందో వెంటనే రాయి.

నీ మిత్రుడు