కొత్త మాట కట్టే ముందు: అధికార భాషా సంఘం అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి నమస్కారం.

ప్రభుత్వ శాఖల కోసం తెలుగు పదాల పట్టికలు తయారుచేసేటప్పుడు ఇంగ్లీషు మాటను ఎదురుగా పెట్టుకుని, సంస్కృత నిఘంటువు తెరిచి, ఉపసర్గ మీద ఉపసర్గ పేర్చడం ఆనవాయితీ అయింది. ఆ మాటలు పట్టికలోనే ఉండిపోతాయి. ఆఫీసులో గుమాస్తా కూడా వాటిని పలకడు.

నీటిపారుదల శాఖకు ఈ బాధ తక్కువ. ఎత్తిపోతల, పూడికతీత, ఇంకుడు గుంత, కరకట్ట: వీటికి ఎవరూ అర్థం అడగరు. ఎత్తిపోతల ఎలా కట్టారో చూడండి. 'ఎత్తు' క్త్వార్థకమై ('చేసి', 'వెళ్లి' లాంటి రూపమై) 'ఎత్తి' అయింది, 'పోయు' నామమై 'పోత' అయింది. రెండూ క్రియలే, రెండూ రైతు నోట ఉన్నవే. ఇలాంటి మూసలు మనకు ఇంకా ఉన్నాయి. చెల్లించు నుంచి చెల్లింపు, కేటాయించు నుంచి కేటాయింపు, మళ్లించు నుంచి మళ్లింపు. అమ్ము నుంచి అమ్మకం, పంచు నుంచి పంపకం. అప్‌లోడ్‌కు 'ఎక్కించు' అని ఒప్పుకుంటే ఎక్కింపు, ఎక్కించిన, ఎక్కించాల్సిన అన్నీ వెంటే వస్తాయి. అలా పిల్లలు పెట్టని మాట ఎంత గంభీరంగా ఉన్నా దండగే.

అరువు మాటలంటే బెదరనక్కర్లేదు. హల్లుతో ముగిసే మాట మన దగ్గరికొస్తే చివర ఉకారం చేరుతుంది. ఆ హల్లు ముందు పొట్టి అచ్చు ఉంటే హల్లు జంటవుతుంది: బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘం ఉంటే చాలాసార్లు అవదు: కారు, రైలు. బహువచనంలో రైళ్లు, స్కూళ్లు, రోడ్లు, ఫారాలు అన్నామంటే ఆ మాట ఇక మనదే. రైలుకు కట్టిన 'ధూమశకటం' నిలవలేదంటే వింతేముంది? కానీ ప్రభుత్వ యాప్‌లలో 'స్కూల్‌లు', 'ఫారంలు' అని కనిపిస్తున్నాయి. మాట వెనక యాంత్రికంగా 'లు' తగిలిస్తే జరిగేది ఇదే.

వసూలు, జప్తు, దస్తావేజు, రాజీనామా వంటి పారశీ, అరబ్బీ మాటలను శుద్ధి పేరుతో తీసేయకండి. పొలం, పంట వివరాల రికార్డు ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ. పట్టికలో రెండూ ఉండాలి.

హిందీ పట్టికల నుంచి సంస్కృత మాటలను నేరుగా దించుకోవడం మరీ ప్రమాదం. శిక్ష అక్కడ చదువు, ఇక్కడ దండన. అవకాశ్ అక్కడ సెలవు. ఉపన్యాస్ అక్కడ నవల. 'సర్వశిక్షా అభియాన్' అన్న పేరు బడుల గోడలెక్కినప్పుడు మన పిల్లలు దానిని ఎలా అర్థం చేసుకుని ఉండాలి?

మా విన్నపం ఇది. ముందు ఆ పని చేసేవాళ్లను అడగాలి, అదీ ఒక్క జిల్లాలో కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశాలు ఆ దారిలో వచ్చినవే: వ్యవసాయం 1962లో, చేనేత 1971లో. అక్కడ దొరక్కపోతే జనం వాడుతున్న అరువు మాట, అదీ లేకపోతేనే కొత్తది. ఎంచుకున్న ప్రతి మాటనూ బహువచనంలో, 'లో', 'కి' చేర్చి, విశేషణంగా, 'చేయు'తోనో 'ఇంచు'తోనో క్రియగా మార్చి చూడాలి. ఎక్కడ నాలుక తడబడితే అక్కడే ఆపాలి. ఆ తర్వాత రెండు మూడు మండలాల్లో దరఖాస్తు ఫారాల మీద అచ్చువేసి, జనం ఏ గడి దగ్గర ఆగి పక్కవాళ్లను అడుగుతున్నారో రాసుకోవాలి.

వద్దనుకున్న మాటలను కూడా, ఎందుకు వద్దనుకున్నారో ఒక్క వాక్యంలో చెప్పి, పట్టిక చివర వేయించండి. లేకపోతే తర్వాత వచ్చే సంఘం వాటినే మళ్లీ కడుతుంది.

భవదీయులు,
కొందరు తెలుగు అనువాదకులు, భాషాబోధకులు