సర్వీసింగ్ తర్వాత వచ్చిన చప్పుడు దానంతటది సర్దుకోదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడి ప్రశ్నకు ఇచ్చిన జవాబు చూశాను. సర్వీసింగ్ చేయించిన మర్నాటి నుంచి ఇంజిన్ టకటకమంటోందని ఆయన అడిగితే, ‘కొత్త ఆయిల్ కదా, ఐదొందల కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది’ అన్నారు. సర్వీస్ సెంటర్ల కౌంటర్లలో రోజూ చెప్పి పంపేసే మాట ఇదే. అక్కడ విన్నవాళ్లు కొంతైనా అనుమానిస్తారు. పత్రికలో అచ్చయితే నిజమేనని బండి తిప్పుతూ పోతారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సి వస్తోంది.

లోపలికి వెళ్లేటప్పుడు లేని చప్పుడు బయటికొచ్చాక వినిపిస్తే, ముందు మెకానిక్ చెయ్యి పడిన చోటే వెతకాలి. మామూలు సర్వీసింగ్‌లో ఆ చోట్లు ఎన్నో ఉండవు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ప్లగ్గులు, బెల్టు, ఇంజిన్ కింది ప్లాస్టిక్ షీల్డు. టాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) అరిగాయి, టెన్షనర్ (చైన్‌నో బెల్టునో బిగువుగా ఉంచే భాగం) పోయింది అంటూ వేలల్లో ఎస్టిమేట్ రాసే ముందు ఇవన్నీ తిరిగి చూడ్డానికి గంట కూడా పట్టదు.

మొదట ఆయిల్. బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ వేడెక్కాక ఆఫ్ చేసి, ఐదు పది నిమిషాలాగి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే పుల్ల, తీయాలి. తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి చూడాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి పట్టేది మూడు, మూడున్నర లీటర్లు. బిల్లు నాలుగు లీటర్లకు వేశారు కాబట్టి నాలుగూ పోసేసే వర్క్‌షాపులున్నాయి. ఆయిల్ ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలుకుతుంది, నురగ పుడుతుంది. ఆ గాలి బుడగలు, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లలోకి చేరితే పైన టిక్ టిక్ మొదలవుతుంది. తక్కువైతే అసలే ప్రమాదం. గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం, కూడా చూడాలి. ఈమధ్య వచ్చిన చాలా పెట్రోలు ఇంజిన్లకు కంపెనీ పుస్తకం 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ వాడమంటుంది. అందులో చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే, పొద్దున్నే చల్లటి ఇంజిన్లో అది పైదాకా ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ పై భాగాలు ఆయిల్ లేకుండా రాసుకుంటాయి.

తర్వాత ఫిల్టర్. ఆయిల్ మార్చిన వెంటనే మొదటిసారి స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గరగరమనడం సహజం, ఖాళీ ఫిల్టర్ నిండాలి గదా. ప్రతి ఉదయమూ అలాగే అంటుంటే మాత్రం అనుమానించాలి. ఫిల్టర్ లోపల ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు ఉంటుంది. నకిలీ ఫిల్టర్లలో అది గట్టిపడిపోయో, సరిగా మూసుకోకో రాత్రికి రాత్రి ఆయిలంతా కిందికి దిగిపోతుంది. టైమింగ్ చైన్ టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ఇంజిన్లలో చైన్ చప్పుడుకీ ఇదే కారణం కావచ్చు. టెన్షనర్ మార్చమనే ముందు అసలైన ఫిల్టర్ వేసి చూడమనండి. ఇంకో సంగతి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయి ఉంటే, చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తారు. ఒత్తిడి పెరగ్గానే రింగు తన్నుకుని బయటికొచ్చి ఆయిలంతా రోడ్డు మీదే పోతుంది.

ప్లగ్గు వదులుగా ఉంటే చప్పుడు వేరు. చఫ్ చఫ్ మంటూ ఇంజిన్ లయతో పాటే వస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతుంది. ప్లగ్గు విప్పితే చుట్టూ మసి మరక కనిపిస్తుంది. వాషర్ ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును చేత్తో ఆగినంత తిప్పి, ఆ తర్వాత పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు వరకే తిప్పాలి. ఇంకా బిగిస్తే అల్యూమినియం హెడ్డులో మరలు పోతాయి. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్ క్లిక్‌మని కూర్చోకపోతే ఇంజిన్ కుదుపుతో నడిచి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పు ఒకటి పడకపోతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హోరు వస్తుంది. వడగట్టని దుమ్మంతా ఇంజిన్‌లోకే పోతుంది, ఆ నష్టం చప్పుడు కన్నా పెద్దది. టర్బో డీజిల్లో ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లబరిచేది) గొట్టం క్లాంపు వదులైతే బుస్సుమనే గాలితో పాటు లాగుడు తగ్గి నల్ల పొగ వస్తుంది.

బెల్టు కిచకిచకు ఒక పరీక్ష ఉంది. బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, చేతులూ బట్టలూ దూరంగా ఉంచి బెల్టుకు గాడులున్న వైపున కొద్దిగా నీళ్లు చల్లండి. చప్పుడు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరసలో లేనట్టు. పెరిగితే బెల్టు బిగువు చాలనట్టు. బెల్టు మీద ఆయిలో, కూలెంటో ఒలికిందేమో కూడా చూడాలి. ‘ఇంజిన్ డ్రెస్సింగ్’ పేరుతో మెరుపు కోసం కొట్టే స్ప్రే కూడా ఈ జారుడుకు కారణమే. ప్రెషర్ నీళ్లతో ఇంజిన్ కడగడం మరీ ఘోరం. ప్లగ్గు గుంతల్లో నీళ్లు నిలిచి, మర్నాడు ఒక సిలిండర్‌లో ఇంధనం మండక బండి ఊగిపోతుంది.

నిలబడి ఉన్నప్పుడు లేని చప్పుడు వేగంగా పోతుంటేనే పటపటమంటే కింది షీల్డు చూడండి. నాలుగు క్లిప్పులు ఉండాల్సిన చోట రెండే పెట్టి పంపుతున్నారు.

ఇక వెంటనే ఆపేయాల్సిన సందర్భాలు రెండు. ఎర్రటి ఆయిల్ లైటు వెలగడం, ఇంజిన్ అడుగు నుంచి బరువుగా దబదబమనడం. అలాంటప్పుడు వర్క్‌షాపు పక్క వీధిలోనే ఉన్నా ఇంజిన్ ఆపి బండిని తోయించుకునో, లాగించుకునో వెళ్లాలి. మీ జవాబు నమ్మి ఇలాంటి బండిని ఐదొందల కిలోమీటర్లు తిప్పితే బేరింగులు మిగలవు.

పొద్దున మొదటి స్టార్టులోనే వచ్చే చప్పుడు మధ్యాహ్నం వర్క్‌షాపుకు వెళ్తే వినిపించదు. ‘మాకేం వినపడ్డం లేదు సార్’ అని తిప్పి పంపుతారు. ఫోన్లో వీడియో తీసుకోండి, ఇంజిన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కూడా కనిపించేలా. రాత్రికి బండి అక్కడే వదిలి, పొద్దున మీరు వచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చేయవద్దని జాబ్ కార్డులో (బండికి చేయాల్సిన పనులు వర్క్‌షాపు రాసే కాగితం) రాయించండి.

అసలు ఆ జాబ్ కార్డుల సంగతి చూడండి. ‘జనరల్ సర్వీస్’ అని రెండు ముక్కలు, కింద సంతకం. ఏ ఆయిల్, ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు, ఏయే భాగాలు విప్పారు, ఎవరు విప్పారు అన్నది ఉండదు. ఆయిల్ మార్చమని బండి ఇస్తే ఫ్లషింగ్ (లోపల కడగడం), డీకార్బనైజింగ్ (మసి తీయడం) బిల్లులో చేరిపోతాయి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ మాత్రం గోడకు వేలాడుతూనే ఉంటుంది. నకిలీ ఫిల్టర్లు నగరాల్లో విడిభాగాల బజార్లలో పట్టపగలే దొరుకుతున్నా అడిగే అధికారి లేడు. రోడ్డు మీద కాగితాలు తనిఖీ చేసే రవాణా శాఖ, ఆ బండిని బాగుచేసే చోటు గుమ్మం తొక్కదు. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో చేపట్టారు, సంతోషం. రోబోలతో పాటు, ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి ఎంత బిగించాలో కూడా పిల్లలకు చేత పట్టించి నేర్పాలి. చవకబారు పని చూసి చూసి మనకూ అదే మామూలైపోయింది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపంపై రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదవుతుంది. కానీ జాబ్ కార్డులో వివరమే లేకపోతే ఏ కాగితం చూపించాలి? గ్రేడు, పరిమాణం, విప్పిన భాగాలు రాసివ్వడం, ఆయిల్ డబ్బా సీలు యజమాని ఎదుటే తీయడం, తీసేసిన పాత ఫిల్టర్ చూపించడం తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వులివ్వాలి. మీరు కూడా ఆ జవాబును అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరించి ప్రచురించండి.

— మోటారు మెకానిక్ ట్రేడ్ విశ్రాంత బోధకుడు, వరంగల్