అమ్మ ఆదివారం

ఏరా మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ‘మీ అమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టుకుంటుంది, పైన అజమాయిషీ లేదు, అంతకన్నా స్వేచ్ఛ ఏం కావాలి’ అని రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను రా. కోపం కాదు, చిన్నప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఈసారి షోలాపూర్ వచ్చాక పక్కన కూర్చుని చూశాను. రాత్రి అన్నాలయ్యాక తునికాకు తడిపి గోనెగుడ్డలో చుట్టి పెడుతుంది. తెల్లారి రేకు అచ్చు పెట్టి ఒక్కో ఆకూ కత్తిరిస్తుంది. ఆ తర్వాత ఒళ్ళో చాట, చాటలో తంబాకు. వెయ్యి బీడీలంటే వెయ్యిసార్లు ఆకు మడవాలి, వెయ్యిసార్లు దారం కట్టాలి. నేను మాట్లాడుతుంటే తలూపుతుంది గానీ కళ్ళెత్తదు. దారం ఒరుసుకుని వేలి మీద గీత పడిపోయింది. కట్టలు కట్టి కార్ఖానాకు మోసుకెళ్తే, బాగాలేవని పక్కన పడేసిన వాటికి కూలి రాదు. ఆకు తడిపిన సేపు, లైన్లో నిలబడ్డ సేపు ఏ లెక్కలోనూ లేవు.

పీస్ రేటంటే, అదే ఎన్ని చేస్తే అంత కూలి, వేషం మార్చిన గంటల కూలీయే అని మార్క్స్ 1867లోనే రాశాడు. తన కూలికి సరిపడా పని మనిషి కొంతసేపట్లోనే చేసేస్తాడు, మిగతా సేపు చేసింది యజమానికి పోతుంది. పీస్ రేటులో ఆ హద్దు కనపడదు. మేస్త్రీ కూడా అక్కర్లేదు, అమ్మే అమ్మకు మేస్త్రీ. 1966 బీడీ కార్మికుల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 దాటొద్దంది. అది కార్ఖానా గోడల లోపలే, మా గుమ్మం దాకా రాలేదు.

నాన్నది సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పన్నెండు గంటల షిఫ్ట్. షెడ్డు మా సందులోనే. కరెంటు పోవాలని దేవుడికి మొక్కేవాణ్ణి. పోతే నాన్న అరుగు మీద కూర్చుని మార్కండేయుడి కథ చెప్పేవాడు. కరెంటు రాగానే సగంలో లేచిపోయేవాడు. కూలి తగ్గుతుందని అప్పుడు నాకేం తెలుసు!

సోషలిజం అంటే కూలి పెంచడమే అనుకుంటారు చాలామంది. కూలి పెరగాల్సిందే. కానీ బతుకుతెరువు కోసం తప్పక చేసే పని ముగిశాకే అసలు స్వేచ్ఛ మొదలవుతుందని, దానికి ముందు పని గంటలు తగ్గాలని మార్క్స్ అన్నాడు. ఆయన అల్లుడు పాల్ లఫార్గ్ అయితే 1880లోనే రోజుకు మూడు గంటలు చాలన్నాడు. యంత్రం వచ్చాక మనిషికి తీరిక పెరగాలి గదా! నాన్నకు ఎందుకు పెరగలేదు?

ఇదేదో పరదేశపు గోల అనుకోకు. బొంబాయి మిల్లుల్లో ఆదివారం సెలవు కార్మిక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి కొట్లాడితే 1890 జూన్ 10న దక్కింది. మన ఆడవాళ్ళు ఇక్కడి కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం మాస్టర్ వెంట ఎర్రజెండా పట్టుకుని తిరిగితేనే షోలాపూర్ పక్కన కుంభారిలో బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళు లేచాయి. ఇప్పుడు ఆ ఇళ్ళలోని గంటలు కూడా వాళ్ళవి కావాలి. మామూలు చేయి ఎనిమిది గంటల్లో ఎన్ని బీడీలు చుట్టగలదో, అన్నిటికే పూర్తి రోజు కూలి కట్టాలి, ఆకు తడిపే సేపుతో కలిపి.

వచ్చే నెల వస్తానన్నావుగా, ఆదివారం రా. ఆ రోజు చాట ముట్టనని అమ్మ చేత మాట తీసుకున్నాను. మార్కండేయుడి కథ నాన్న చేత చివరిదాకా చెప్పించుకుందాం.

నీ
షోలాపూర్ దోస్తు