ఆటిజం పిల్లలకు మండలంలోనే అండ కావాలి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ జిల్లా దేవరకొండ, చింతపల్లి, నాంపల్లి మండలాల నుంచి ఆటిజం ఉన్న పిల్లల్ని చంకనేసుకొని వారం వారం హైదరాబాద్ బస్సెక్కే తల్లులను ఆ దారిలో తిరిగేవాళ్లు చూస్తూనే ఉంటారు. ఆ రోజు కూలి పోతుంది. చార్జీలు, సెంటర్ ఫీజు అదనం. ఇంత పెట్టాక దొరికేది ముప్పావుగంట. వారానికి 168 గంటలు. నిద్ర తీసేస్తే పిల్లవాడు మేలుకొని ఉండేది వంద గంటల దాకా. ముప్పావుగంటలో నేర్పినదాన్ని ఆ వంద గంటల్లో ఇంట్లో, అంగన్‌వాడీలో, బడిలో ఎవరూ అందిపుచ్చుకోకపోతే మళ్లీ వారానికి అది మాసిపోతుంది. పైగా స్పీచ్ థెరపిస్టుకు పిల్లవాడి నిద్ర సంగతి తెలియదు, డాక్టరుకు బడి సంగతి తెలియదు, బడిలో టీచరుకు వాడికి నాలుగు రోజులుగా విరేచనం కాలేదని తెలియదు. ఈ ముగ్గురినీ కలిపే ఏర్పాటు మండలంలోనే ఉండాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం.

మొదట ఒంటి సంగతి. పిల్లవాడు ఉన్నట్టుండి తల గోడకు కొట్టుకోవడం, చెయ్యి కొరుక్కోవడం మొదలుపెడితే ‘ఆటిజం ఎక్కువైంది’ అనేస్తారు. మాట రాని పిల్లవాడు ‘కడుపు నొస్తంది’ అని చెప్పలేడు. మంచం పట్టెకు పొట్ట ఆనించి బోర్లా పడుకోవడం, మునివేళ్ల మీద బిగుసుకుపోయి మూలకు నిలబడటం మలబద్ధకానికి గుర్తులు కావచ్చు. చెవి మీద కొట్టుకుంటుంటే చెవి, దవడ మీద కొట్టుకుంటుంటే పళ్లు చూపించాలి. మన జిల్లాలో పొరపాటు జరిగేది ఇక్కడే. గార పళ్లు ఇంటింటా ఉన్నవే కాబట్టి నోట్లో ఏ మచ్చ కనిపించినా ‘ఫ్లోరైడేలే’ అని వదిలేస్తారు. ఫ్లోరైడ్ గారకు మామూలుగా నొప్పి ఉండదు. దాని పక్కనే పుచ్చిపోయిన పన్ను ఉంటే మాత్రం రాత్రంతా నిద్ర ఉండదు. ఆ రెంటినీ విడదీసి చెప్పగలిగేది పళ్ల డాక్టరే.

ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ నీళ్లు మర్రిగూడ, నాంపల్లి వైపు ఎముకలకు, పళ్లకు చేసిన కీడు అందరికీ తెలిసిందే. ఆటిజానికి అదే కారణమని మాత్రం తేలలేదు. కడుపుతో ఉన్నప్పుడు తాగిన నీళ్లను తలుచుకొని ఏ తల్లీ కుమిలిపోవాల్సిన పని లేదు. టీకాలవల్ల వస్తుందన్న మాటకూ ఆధారం లేదు. 1998లో ఆ అనుమానం లేపిన పరిశోధన పత్రాన్ని ‘లాన్సెట్’ వైద్య పత్రిక 2010లో పూర్తిగా వెనక్కి తీసుకుంది.

తిండి దగ్గర ఇళ్లలో పెద్ద యుద్ధమే నడుస్తుంది. పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఇంకేదీ ముట్టని పిల్లలున్నారు. ముందుగా చూడాల్సింది పాలు. ‘ఏమీ తింటలేడు, పాలన్నా తాగనీ’ అని రోజుకు లీటరు దాకా పడుతున్న ఇళ్లున్నాయి. అర లీటరు దాటితే ఆకలి చస్తుంది, ఒంట్లో ఐరన్ తగ్గుతుంది. ఐరన్ తగ్గితే నిద్ర చెదురుతుంది. మట్టి, గోడ సున్నం తినే పిల్లల్లోనూ రక్తం తక్కువ ఉండటం సాధారణం, కాబట్టి హిమోగ్లోబిన్, వీలైతే ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. రోజుకు మూడు పూటల తిండి, రెండుసార్లు చిరుతిండి, మధ్యలో రెండు గంటలు నీళ్లు తప్ప మరేదీ వద్దు. కొత్త పదార్థాన్ని వాడికి ఇష్టమైన అన్నంలో దాచి కలపకండి. ఒక్కసారి కనిపెట్టాడంటే ఉన్న ఒక్క పెరుగన్నం కూడా మానేస్తాడు. జొన్నరొట్టె అయితే శనగగింజంత ముక్క, వేరే గిన్నెలో, పక్కన పెట్టండి. మొదట చూస్తే చాలు. తర్వాత ముట్టుకోవడం, వాసన చూడటం, పెదవికి ఆనించడం, నమిలి ఉమ్మేయడం. ఇలా పది పదిహేను సార్లు పెట్టాక నోట్లోకి పోవచ్చు. మూడో రోజే ‘వీడు తినడు’ అని గిన్నె తీసేయడంతోనే పని చెడుతుంది.

ఇక మాట. మాట ఆలస్యమైన ప్రతి పిల్లవాడికీ ముందు వినికిడి పరీక్ష జరగాలి. ‘వాళ్ల నాయన గూడ ఐదేండ్లకు మాట్లాడిండు’ అనే మాటతో రెండు మూడేళ్లు పోగొట్టుకుంటున్నారు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు వేలితో చూపించకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగొద్దు. ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. ‘నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకుంటూనే ఏళ్లు దాటిస్తాం.

మాట రాకముందే అడగడం నేర్పొచ్చు. దానికి రెండు అంగుళాల బొమ్మ ఒకటి, పల్లీపట్టి ఒకటి, పెద్దవాళ్లు ఇద్దరు చాలు. పల్లీపట్టి ఫోటోను అట్టముక్క మీద అంటించి, పైన ప్యాకింగ్ టేపు వేయండి, అదే బొమ్మ. పట్టిని పదిహేను ఇరవై చిన్న ముక్కలు చేయండి. పెద్ద ముక్క ఇస్తే ఒక్కదానితో తృప్తి, నేర్చుకునే అవకాశం ఒక్కసారితో సరి. తల్లి ఎదురుగా ముక్క పట్టుకొని కూర్చుంటుంది. పిల్లవాడి వెనుక నాయనమ్మో అక్కో. వాడు ముక్క కోసం చెయ్యి చాపగానే వెనుకనున్నవాళ్లు మాట్లాడకుండా ఆ చేతిని బొమ్మ మీదికి మళ్లించి, బొమ్మ తీసి తల్లి అరచేతిలో పెట్టిస్తారు. తల్లి ఆ క్షణమే ‘పల్లీపట్టి’ అంటూ ముక్క ఇస్తుంది. అంతే. వెనుక చేతి సాయం రోజురోజుకూ తగ్గించుకుంటూ పోవాలి. ఇందులో జరిగే తప్పులు రెండు. ఒకటి, తల్లి ఆగలేక ‘ఏం కావాలె? చెప్పు, చెప్పు’ అంటుంది. అప్పుడు పిల్లవాడు ఆ ప్రశ్న వస్తేనే బొమ్మ ఇవ్వడం నేర్చుకుంటాడు, తానుగా అడగడు. రెండు, బొమ్మలను బీరువాలో దాచి థెరపీ వేళకే తీస్తారు. నోరున్నవాళ్లకు మాట ఎప్పుడూ వెంటే ఉన్నట్టు వాడికి ఆ బొమ్మలు ఎప్పుడూ చేతికందే ఎత్తులో ఉండాలి. బొమ్మలకు అలవాటుపడితే మాట రాదన్న భయం వద్దు. బొమ్మల వాడకం మాటను ఆపినట్టు ఎక్కడా తేలలేదు.

ప్రాణాల మీదికి వచ్చేది ఇంకొకటుంది. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది చెప్పకుండా ఇల్లు దాటి పోతారు, అందులోనూ నీళ్లవైపు. మన ఊళ్లలో గట్టు లేని వ్యవసాయ బావులు, కుంటలు, కాలువలు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. తలుపు గొళ్లెం పిల్లవాడికి అందని ఎత్తులో ఉండాలి, ఫోన్ నంబరు చొక్కా లోపలి అంచున కుట్టించాలి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ముందే చెప్పి పెట్టాలి. తప్పిపోతే మొదట పరుగెత్తాల్సింది బస్టాండుకు కాదు, దగ్గరి నీళ్ల దగ్గరికి.

‘ఆటిజాన్ని పూర్తిగా తగ్గిస్తాం’ అనే ప్రకటనల మీద మాకు నిజంగా కోపం ఉంది. ఎకరం అమ్ముకొని స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయించేవాళ్లున్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది ఆమోదించిన చికిత్స కాదు. ఒంట్లో లోహాలు తీసేస్తామనే కీలేషన్ మందుతో 2005లో అమెరికాలో ఐదేళ్ల బాలుడు చనిపోయాడు. భస్మాల పేరుతో అమ్మే పొడుల్లో సీసం, పాదరసం ఉండే ప్రమాదం ఉంది. యోగా, నూనె మర్దన, ఈత, పాట వీటితో పేచీ లేదు. పిల్లవాడికి హాయిగా ఉంటే రోజూ ఒకే వేళకు చేయించండి. వాటిని చూపించి, ఫిట్స్ కూడా ఉన్న పిల్లలకు ఆ మందు ఆపమన్నవాళ్ల గడప మాత్రం తొక్కకండి.

ఏర్పాటు అంటే కొత్త భవనం అడగడం లేదు. పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) బృందాలు 2013 నుంచి ఉన్నాయి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. వాళ్లు గుర్తించిన పిల్లలను చూసేందుకు జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం అన్నది పథకంలోనే ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యాలున్నవారి కోసం జాతీయ సంస్థే ఉంది. వీటి మధ్య దారం లేదు. ఆ దారంగా పిల్లవాడికొక నోటుబుక్కు పెట్టండి. ఎడమ పేజీలో ఒంటి లెక్క: ఎన్ని గంటలు పడుకున్నాడు, విరేచనం అయిందా, ఏం తిన్నాడు, ఏ మందు, ఫిట్స్ వచ్చాయా. కుడి పేజీలో మూడే మూడు లక్ష్యాలు, ఈ రోజు ఎన్నిసార్లు చేశాడు. గొడవ జరిగితే ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. రెండు వారాలు రాస్తే చాలు, సంగతి కంటికి కనిపిస్తుంది. రోజూ పదకొండున్నరకు కొడుతున్నాడంటే ఆకలేమో, ప్రార్థన వేళకే ఏడుస్తున్నాడంటే మైకేమో. డాక్టరు, థెరపిస్టు, టీచరు అందరూ అందులోనే రాయాలి. లక్ష్యాలు మూడు దాటనివ్వొద్దు. పన్నెండు పెట్టుకున్న ఇంట్లో నెల తిరిగేసరికి ఒక్కటీ మిగలదు.

పాలమూరు, దేవరకొండ వలస కుటుంబాల్లో తల్లిదండ్రులు ముంబైలోనో పుణేలోనో ఉంటారు, పిల్లవాడు అవ్వ దగ్గర. రాయడం రాని అవ్వకు గోడ క్యాలెండరే నోటుబుక్కు. నిద్ర పట్టని రాత్రికి ఎర్ర గీత, విరేచనం అయిన రోజుకు నల్ల గీత. భవిత కేంద్రం టీచరు వారానికొకసారి దాన్ని ఫోటో తీసి తండ్రికి పంపితే ఆయనకూ తెలుస్తుంది. ఇందుకు కావాల్సింది ఆ టీచరుకు వారంలో ఒక రోజు ఊళ్లు తిరిగే అనుమతి, బస్సు చార్జీలు. స్పీచ్ థెరపిస్టు కనీసం పదిహేను రోజులకొకసారి దేవరకొండకు రావాలి. ఒక్క థెరపిస్టు ప్రయాణం వంద కుటుంబాల ప్రయాణం కన్నా చవక.

ఆఖరుగా వైకల్య సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం శిబిరం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ ఉంటేనే పింఛను, లక్ష రూపాయల దాకా ఖర్చులు తిరిగిచ్చే నిరామయ ఆరోగ్య బీమాకూ అదే ఆధారం. ఆటిజం ఎంత ఉందో అంచనా వేసే ఇసా (మన దేశంలో తయారైన కొలమానం) పరీక్షలో 40 అంశాలు. 70 మార్కుల నుంచి ఆటిజం కింద లెక్క. ఒకటొకటిగా పిల్లవాణ్ని గమనిస్తూ, తల్లిని అడుగుతూ వేయాల్సిన మార్కులవి. జనం కిక్కిరిసిన వరండాలో మూడు గంటలు నిలబెట్టాక వాడు అరుస్తూనైనా ఉంటాడు, అలసి సోలిపోయైనా ఉంటాడు. రెండింటిలో ఏదీ వాడి అసలు తీరు కాదు. శిబిరం రోజున మొదటి స్లాట్లు ఈ పిల్లలకు ఇవ్వాలి, పక్కన చప్పుడు లేని ఒక గది తెరిపించాలి, తల్లి చేతిలోని నోటుబుక్కును డాక్టర్లు తెరిచి చూడాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లు వచ్చే శిబిరం నుంచే దీన్ని అమలు చేయించాలని కోరుతున్నాం.

— కొందరు ప్రత్యేక ఉపాధ్యాయులు, థెరపిస్టులు
నల్లగొండ జిల్లా